చెంచాకు చిక్కని చెర్రీ

మూగ సినిమాల హాస్యం అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఎగిరొచ్చి మొహాన పడే క్రీము కేకు. ఫిల్మ్ సొసైటీల చీకటి హాళ్ళలో, 16 ఎంఎం ప్రొజెక్టర్ టకటకల మధ్య ఆ సినిమాలు చూసిన తరాన్ని కదిపి చూడండి, కేకు ఊసు తర్వాతెప్పుడో వస్తుంది. ముందు చెప్పేది హాస్యనటి ఎనిటా గార్విన్ గురించి, ఆమె తినలేకపోయిన చెర్రీ పండు గురించి.

సినిమా పేరు ‘ఫ్రమ్ సూప్ టు నట్స్’. 1928 మార్చి 24న విడుదలైన రెండు రీళ్ళ లారెల్ హార్డీ చిత్రం. తీసింది హాల్ రోచ్ స్టూడియో, పంచింది ఎంజీఎం. దర్శకుడి పేరు ఇ. లివింగ్‌స్టన్ కెన్నెడీ అని పడుతుంది. ఆయన ఎవరో కాదు, కోపాన్ని దిగమింగుకుంటూ బట్టతల మీంచి గడ్డం దాకా అరచేత్తో రుద్దుకునే ఎడ్గార్ కెన్నెడీయే. పర్యవేక్షణ లియో మెకారీ, టైటిల్ కార్డుల రాత, అంటే బొమ్మల మధ్య తెర మీద చదువుకోవడానికి పడే మాటలు, హెచ్.ఎమ్. వాకర్. కథ రెండు ముక్కల్లో అయిపోతుంది. కొత్తగా డబ్బు చేసిన కల్పెప్పర్ గారి భార్య, అంటే మన గార్విన్, ఊళ్ళో పెద్దలను విందుకు పిలుస్తుంది. వడ్డించడానికి ఏజెన్సీ ఇద్దరిని పంపిస్తుంది. ఆ ఇద్దరే లారెల్, హార్డీ. వాళ్ళ అనుభవమంతా రైల్వే భోజనశాలల్లోనే. మిగతాది ఊహించుకోవచ్చు, కానీ ఊహించుకున్న దానికన్నా తెర మీద చాలా బాగుంటుంది.

అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడని మన సామెత. అందులో వెక్కిరింపు గొడుగు పట్టించుకున్న వాడి మీద. రోచ్ స్టూడియో వాళ్ళు ఇంకో మెట్టు పైకి వెళ్ళారు. మిసెస్ కల్పెప్పర్ ఆ గొడుగును చెయ్యి నొప్పి పుడుతున్నా తనే పట్టుకుని నిలబడుతుంది. ఎవరూ పట్టమనలేదు. దించితే ఎవరూ తిట్టరు. అయినా దించదు. భర్తగా వేసిన టైనీ శాండ్‌ఫర్డ్ పేరుకే ‘టైనీ’, మనిషి కొండంత. ఆయనకు ఈ హంగుల మీద కాస్త కూడా ఆసక్తి ఉండదు. అమెరికా పేపర్లలో 1913 నుంచీ జార్జ్ మెక్‌మానస్ గీసిన జిగ్స్, మ్యాగీల బొమ్మల కథ చూసినవాళ్ళకు ఈ జంట పాత చుట్టమే. డబ్బొచ్చాక పెద్దింటి మనుషులతో తిరగాలని ఆరాటపడే భార్య, తనకిష్టమైన క్యాబేజీ కూర చాలనుకునే భర్త.

ఇప్పుడా చెర్రీ సంగతి. విందు ఫ్రూట్ కాక్‌టెయిల్‌తో మొదలవుతుంది. 1928లో అమెరికాలో ఇది వేళాకోళంగా పెట్టిన వంటకం కాదు. 1920 నుంచి 1933 దాకా అక్కడ మద్యనిషేధం. భోజనానికి ముందు కాక్‌టెయిల్ గ్లాసు చేతికివ్వడం చట్టరీత్యా కుదరదు. బీరువాల్లో ఊరికే పడున్న ఆ గ్లాసుల్లోకి పళ్ళ ముక్కలు, పైన పాకం, ఆ పైన ఒక మరాషినో చెర్రీ చేరి విందుకు మొదటి వంతుగా వచ్చి కూర్చున్నాయి. ఆ చెర్రీ తోటలో కోసిన మెత్తని చెర్రీ కాదు. ఉప్పునీళ్ళలో, గంధకపు ఆమ్లవాయువుతో రంగు పోగొట్టి, కాల్షియం లవణాలతో గట్టిపరిచి, పంచదార పాకంలో నానబెట్టి, మళ్ళీ ఎర్రరంగు వేసిన సరుకు. సరిగ్గా ఆ దశాబ్దంలోనే ఆరిగాన్‌లో ఎర్నెస్ట్ వీగాండ్ ఉప్పునీటి పద్ధతిని ఒక దారికి తెచ్చాడు. అందువల్ల పండు రబ్బరులా సాగుతుంది, గుండ్రదనం పోదు, పైన పాకం జారుడుగా ఉంటుంది. మామూలు చెర్రీ అయితే చెంచా అంచుతో నొక్కితే చితికి చిక్కేది. ఇది చితకదు, తప్పుకుంటుంది. కథకు కావలసిన దుర్మార్గుడు అప్పటికే డబ్బాలో సిద్ధంగా ఉన్నాడన్నమాట.

చెంచాతో గుండ్రటి వస్తువును పట్టడంలో ఉన్న కిటుకు చాలా చిన్నది. చెంచా అంచు పండు నడుముకు కిందగా వెళితే పండు చెంచాలోకి ఎక్కుతుంది. నడుముకు పైన తగిలితే కిందికీ ముందుకీ ఒత్తిడి పడి పండు జారిపోతుంది. గిన్నె గోడకు ఆనించి పడితే ఎక్కడికీ పోలేదు. బల్లపరుపు ప్లేటులోకి వచ్చాక ఆ ఆనిక ఉండదు. గార్విన్ ఏం చేస్తుందో ఒకటికి రెండుసార్లు చూడండి. ప్రతిసారీ చెంచాను ఎంతో నాజూగ్గా, వేళ్ళ కొసలతో, పైనుంచి వాలుగా దించుతుంది. పెద్దింటి ఆడవాళ్ళు చెంచా పట్టినట్టే పడుతుంది. ఆ పట్టుకోవడమే పండును తప్పిస్తోంది. కూలివాడు పట్టినట్టు పిడికిలితో పట్టి కిందనుంచి తోస్తే అర క్షణంలో నోట్లో ఉండేది. పోనీ వేళ్ళతో తీసుకున్నా సరే. ఎదురుగా అతిథులు ఉన్నారు గనక రెండూ కుదరవు.

చేత్తో తినే మనకు ఈ దృశ్యం మరీ ఎక్కువ నవ్వొస్తుందని ఒక వాదన ఉంది. నిజమే అనిపిస్తుంది గానీ పూర్తిగా కాదు. విస్తరి ముందు కూర్చునే చోట కూడా నియమాలకేం కొదవలేదు. బంతిలో పెద్దలు మొదలుపెట్టకముందే ముద్ద నోట పెట్టినవాడి మీద పడే చూపులు ఎవరికీ కొత్త కాదు. ఆ చూపు తెలిసిన ఎవరికైనా గార్విన్ అవస్థ అర్థమవుతుంది. చెంచా వాడకం తెలియనక్కర్లేదు.

దీనికి తోడు తల మీద టియారా, అంటే ముందు రాళ్ళు పొదిగిన అర్ధచంద్రపు కిరీటం. చెర్రీ మీదికి వంగగానే అది కనుబొమల మీదికి జారుతుంది. పైకి తోస్తే మెడ నిటారుగా అవుతుంది, చెర్రీ దూరమవుతుంది. మళ్ళీ వంగితే మళ్ళీ జారుతుంది. అంటే కిరీటం పెట్టుకున్నంతసేపూ పండు దొరకదు, పండు కావాలంటే కిరీటం నిలవదు. రెండు చిన్న వస్తువులు ఒకదానికొకటి అడ్డం పడేలా అమర్చారు, అంతే. ఇంత పొదుపైన హాస్య యంత్రాంగం మూగ సినిమాల్లో తక్కువ. పడటాలూ లేవడాలూ లేకుండా, కుర్చీ కదలకుండా, ఒక మనిషి మొహం మీద నడిచే దృశ్యం. ఆ మొహంలో చిరాకు ఎక్కడా బయటపడదు. పక్కవాళ్ళ వైపు తిరిగినప్పుడల్లా చిరునవ్వు తెచ్చిపెట్టుకుంటుంది, తిరిగి చెర్రీ వైపు చూడగానే అది ఆరిపోతుంది. అప్పటికి గార్విన్‌కు ఇరవై రెండేళ్ళు. తెర మీద మాత్రం పది విందులు నడిపి విసిగిపోయిన ఇల్లాలిలా కనిపిస్తుంది.

ఈ చెర్రీ వేట రోచ్ స్టూడియోలో అప్పటికే ఒకసారి వాడినదే. 1927 అక్టోబరులో వచ్చిన ‘ది సెకండ్ హండ్రెడ్ ఇయర్స్’లో లారెల్ హార్డీ జైలునుంచి పారిపోయి, ఇద్దరు ఫ్రెంచి అధికారుల బట్టల్లో దూరి, గవర్నరు గారి విందుకు అతిథులుగా చేరతారు. గవర్నరుగా జేమ్స్ ఫిన్లేసన్. అక్కడ లారెల్ ఒక చెర్రీని బల్ల మీద తరుముతాడు. బాగానే ఉంటుంది, నవ్వొస్తుంది కూడా. పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. లారెల్‌కు మర్యాద తెలియదు, పోయేదీ ఏమీ లేదు. చెర్రీ ఎటు పోతే అటు వెళతాడు, అది ఒక ఆట. గార్విన్‌కు మర్యాద తెలుసు, పోయేదంతా ఆమెదే. అదే పండు, అదే చెంచా, కానీ మనిషి మారేసరికి బరువు మారింది. ఆ సినిమా కోసం ఇద్దరూ గుండ్లు గీయించుకున్నారు. తిరిగి మొలిచేటప్పుడు నిక్కబొడుచుకున్న జుట్టునే లారెల్ తన పాత్రకు అలాగే ఉంచేసుకున్నాడని చెప్పుకుంటారు.

బల్ల మర్యాదల గురించి కొంచెం చెప్పుకోకపోతే వడ్డనలో ఏం తప్పు జరుగుతోందో సగం మందికి కనపడదు. 1922లో ఎమిలీ పోస్ట్ రాసిన మర్యాదల పుస్తకం అమెరికాలో విపరీతంగా అమ్ముడుపోయింది. కొన్నది పాతకాలపు ధనవంతులు కాదు, వాళ్ళకు ఆ పుస్తకం అక్కర్లేదు. కొన్నది మిసెస్ కల్పెప్పర్ లాంటివాళ్ళు. అప్పటి పెద్ద విందు పద్ధతిలో వంటకాలన్నీ ఒక్కసారి బల్ల మీద పెట్టరు. ఒక్కొక్కటే వంటింట్లోంచి వస్తుంది. ప్లేటుకు ఎడమవైపు ఫోర్కులు, కుడివైపు కత్తులు, వాటి పదును ప్లేటు వైపు తిరిగి ఉండాలి. కత్తులకు అవతల సూప్ చెంచా. వాడటం బయటినుంచి లోపలికి, ఒక్కో వంటకానికి ఒక్కో జత. పళ్ళెం తెచ్చినవాడు అతిథి ఎడమవైపు వంగి నిలబడాలి, అతిథి తన కుడిచేత్తో వడ్డించుకోవాలి. కుడివైపు నిలబడితే అతిథి మోచెయ్యి పళ్ళేనికి తగులుతుంది. పానీయాలు మాత్రం కుడినుంచి, ఎందుకంటే గ్లాసులు అటే ఉంటాయి. పెద్ద విందులో అసలు వెన్న పెట్టరని కూడా పోస్ట్ రాసింది.

వీటిలో ప్రతి నియమానికీ వెనక ఒక సౌకర్యం ఉంది. నియమం తెలిసినవాడికి ఆ సౌకర్యం కనపడదు, అలవాటైపోతుంది. తెలియనివాడికి నియమం మాత్రమే కనిపిస్తుంది. ఈ రెంటి మధ్య ఉన్న సందులోనే మొత్తం హాస్యం దూరుతుంది. రైల్వే భోజనశాలలో పది నిమిషాల్లో రైలు కదిలిపోతుంది గనక ప్లేటు ఎంత త్వరగా బల్ల మీద పడితే అంత మంచి సర్వరు. లారెల్ హార్డీ పనికిరానివాళ్ళు కారు, వేరే పనికి తయారైనవాళ్ళు. ఈ ముక్క తెలిస్తే వాళ్ళు చేసే ప్రతి తప్పూ ఒక పద్ధతి ప్రకారం జరుగుతున్నట్టు కనిపిస్తుంది.

హార్డీ కేకు పట్టుకుని రావడం అందరికీ తెలిసిన ఘట్టం. పెద్ద కేకు, రెండు చేతులా పళ్ళెం, ముందు దారి కనపడదు. నేల మీద అరటితొక్క. కాలు వెనక్కి జారుతుంది, మనిషి ముందుకు పడతాడు, మొహం కేకులో. ఇక్కడ గమనించాల్సింది పడటం కాదు, పడ్డాక హార్డీ తల ఎత్తే వేగం. వెంటనే లేవడు. క్రీములోంచి నెమ్మదిగా మొహం పైకి తీసి, కెమెరా వైపు, అంటే మన వైపు చూస్తాడు. ఆ చూపుకు నాలుగైదు సెకన్లు ఇస్తారు. సహాయం అడుగుతున్నట్టూ ఉంటుంది, ‘చూశారా నా ఖర్మ’ అన్నట్టూ ఉంటుంది. అదే గొడవ మళ్ళీ జరుగుతుంది. రెండోసారికి తొక్క మనకు ముందే కనపడుతుంది, కాబట్టి నవ్వు పడకముందే మొదలవుతుంది. అక్కడినుంచి ఎదురుచూపే హాస్యం. ఒకే జారుడును ఒకే లెక్కతో మూడోసారి కూడా చూపిస్తే హాలు చల్లబడిపోతుంది. ఏదో ఒకటి, దారో, వేగమో, పక్కనున్న మనిషో, మారాలి.

సలాడ్ ఘట్టం వేరే జాతి. డ్రెస్సింగ్ లేకుండా సలాడ్ పెట్టమని ఆవిడ చెబుతుంది. ఆమె ఉద్దేశం ఆకుల మీద పోసే పులుపు రసం. ఇంగ్లీషులో ఆ మాటకు బట్టలు వేసుకోవడమనే అర్థం కూడా ఉంది. లారెల్ బట్టలు విప్పేసి, లోపలి చెడ్డీతో, నెత్తిన టోపీ పెట్టినంత గంభీరంగా సలాడ్ పట్టుకుని వస్తాడు. మూగ సినిమాలో మాట మీద ఆధారపడ్డ జోక్ కాబట్టి టైటిల్ కార్డు లేకుండా నడవదు. కార్డు పడ్డాక ప్రేక్షకుడు చదివి, అర్థం చేసుకుని, ‘వీడు అలా చేస్తాడా’ అనుకునే వ్యవధి ఇచ్చి, అప్పుడు తలుపు తెరవాలి. కొన్ని తరవాతి ప్రింట్లలో కార్డులు మూడు నాలుగు ఫ్రేములకు, అంటే ఫిల్ము మీది మూడు నాలుగు బొమ్మలకు, కుదించి వచ్చాయి, కావలసినవాళ్ళు ఆ ఫ్రేమును ఆపి చాలినన్ని కాపీలు చేసుకోవాలని. ఎవరైనా ఆ సంగతి చూసుకోకుండా ఆడిస్తే కార్డు కళ్ళముందు మెరిసి మాయమైపోతుంది. తలుపు తెరిచాక హాలు అంతా పక్కవాణ్ణి అడగడమే మిగులుతుంది.

చాప్లిన్ ఈ దారిలో పదమూడేళ్ళ ముందే నడిచాడు. 1915 ఏప్రిల్ 1న వచ్చిన ‘ఎ జిట్నీ ఎలోప్‌మెంట్’లో దొంగ కౌంటు (ఐరోపా జమీందారు లాంటి దొర) వేషంలో భోజనానికి వస్తాడు. రొట్టెను గుండ్రంగా చుట్టలా కోసి, రెండు చివరలూ పట్టుకుని హార్మోనియం తిత్తిలా లాగి వాయిస్తాడు. మరుసటి ఏడు, 1916 సెప్టెంబరు 4న, ‘ది కౌంట్’. అప్పటికి మ్యూచువల్ కంపెనీ అతనికి వారానికి 10,000 డాలర్లు, పైన 1,50,000 డాలర్ల బోనసు ఇచ్చి పన్నెండు సినిమాల ఒప్పందం చేసుకుంది. ‘ది కౌంట్’లో ఎరిక్ క్యాంప్‌బెల్ దర్జీ, చాప్లిన్ అతను తరిమేసిన పనివాడు. ఒక కౌంటు రాలేనని పంపిన ఉత్తరం దర్జీ చేతికి దొరుకుతుంది. ఆ కౌంటు తనే అంటూ మిస్ మనీబ్యాగ్స్ ఇంటికి బయలుదేరతాడు. అదే ఇంటి వంటింట్లో వంటమనిషి దగ్గరికి చాప్లిన్ చేరి ఉంటాడు. ఇద్దరూ ఎదురుపడ్డాక పనివాడు కౌంటు, యజమాని అతని కార్యదర్శి అయి కూర్చుంటారు.

మన గిరీశం అయితే రెండు ఇంగ్లీషు ముక్కలతో పంక్తి మొత్తాన్ని నోరు మూయించగలడు. మూగ సినిమా కోతలరాయుడికి నోరు లేదు. ఉన్నవి చేతులు, మెడ, కనుబొమలు. అబద్ధం చెప్పాలన్నా, దొరికిపోవాలన్నా చేతులతోనే. అందుకే ఈ దొంగ దొరలందరినీ సినిమావాళ్ళు పనిగట్టుకుని భోజనాల బల్ల దగ్గరికే తీసుకొస్తారు. చేతులకు అన్ని పరీక్షలు మరెక్కడా లేవు.

‘ది కౌంట్’లో అందరూ చెప్పుకునేది పుచ్చకాయ. నెలవంకలా కోసిన పెద్ద ముక్క. రెండు చేతులా పట్టుకుని మధ్యకొరికితే కొసలు చెవుల్లో పొడుచుకుంటాయి, రసం చెవుల్లోకి పోతుంది. చాప్లిన్ నాప్కిన్ తీసి, పంటినొప్పి వచ్చినవాడిలా గడ్డం కిందనుంచి తల మీదికి కట్టుకుని తింటాడు. ఒక్క విషయం గమనించండి, అతను సిగ్గుపడడు. సమస్య వచ్చింది, పరిష్కారం దొరికింది, పని సాగుతోంది. తప్పంతా చూసేవాళ్ళ మొహాల్లోనే ఉంటుంది. క్యాంప్‌బెల్ సూప్ జుర్రుకోవడం ఇంకో మంచి ఘట్టం. శబ్దం లేని సినిమాలో శబ్దం మీద జోక్. చెంచా నోటి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా చాప్లిన్ తన తిండి ఆపి వింటాడు. వినపడే మొహాన్ని చూసి మనం చప్పుడు వింటాం.

క్యాంప్‌బెల్ ఆరడుగుల పైన మనిషి, చాప్లిన్ ఐదడుగుల ఐదంగుళాలు. ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెడితే సగం పని అయిపోయినట్టే. 1917 డిసెంబరులో కారు ప్రమాదంలో క్యాంప్‌బెల్ చనిపోయాడు. అతని స్థానం చాప్లిన్ సినిమాల్లో మళ్ళీ నిండలేదనే చెప్పాలి.

అంతకు రెండు నెలల ముందు వచ్చిన ‘ది అడ్వెంచరర్’లో పారిపోయిన ఖైదీ పెద్దింటి అతిథి అవుతాడు. మేడ మీద వరండాలో ఐస్‌క్రీమ్ తింటుంటే ముద్ద జారి అతని వదులు ప్యాంటులో పడుతుంది. విదిలించగా విదిలించగా కిందకి జారి, కింద కూర్చున్న ఒక సంపన్నురాలి వీపు మీద పడుతుంది. ఈ చిన్న ఘట్టం గురించి చాప్లినే 1918 నవంబరు అమెరికన్ మ్యాగజీన్‌లో వివరంగా రాశాడు. ఒకే ఐస్‌క్రీమ్‌తో రెండు నవ్వులు రాబట్టడం అందులో ఒక లెక్క. అది పనిమనిషి వీపు మీద పడితే జాలి పుడుతుందనీ, హోదా ఉన్న మనిషి మీద పడితేనే నవ్వు పుడుతుందనీ, లోకంలో పదిమందిలో తొమ్మిదిమంది పేదవాళ్ళేననీ రెండో లెక్క. చలి అందరికీ తెలిసిన అనుభవం గనక ప్రేక్షకుడి వీపు కూడా జిల్లుమంటుందని ఇంకో ముక్క. ఇంత పచ్చిగా చేతిలోని కీలకం చెప్పిన హాస్యనటులు తక్కువ. అయితే ఈ లెక్కతో గార్విన్ చెర్రీని కొలిస్తే పూర్తిగా సరిపోదు. ఆమె సంపన్నురాలే, గర్వమూ ఉంది. అయినా చెర్రీ జారే కొద్దీ కొంచెం జాలి కూడా కలుస్తుంది. ఆ కలయిక వల్లే ఆ దృశ్యం ఐస్‌క్రీమ్ కన్నా ఎక్కువ కాలం గుర్తుంటుంది. ఇది నా అభిప్రాయం, చాప్లిన్ అభిమానులు ఒప్పుకోరని తెలుసు.

ప్రొజెక్టర్ సంగతికి వద్దాం, ఎందుకంటే ఈ సినిమాలు చెడిపోయేది ఎక్కువగా అక్కడే. 35 ఎంఎం ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు. రీలు వెయ్యి అడుగులు అనుకుంటే 16,000 ఫ్రేములు. సెకనుకు 16 చొప్పున నడిపితే 16 నిమిషాల 40 సెకన్లు పడుతుంది, 24 చొప్పున అయితే 11 నిమిషాలు దాటి ఏడు సెకన్లు. 16 ఎంఎంలో అడుగుకు 40 ఫ్రేములు, కాబట్టి అదే రీలు 400 అడుగుల్లో సరిపోతుంది. 1928 నాటి రోచ్ సినిమాలను 24 దగ్గర ఆడించినా పెద్ద నష్టం లేదు, అప్పటికి హాళ్ళలో వేగం అంతదాకా వచ్చేసింది. 1916 నాటివి అలా ఆడిస్తే చాప్లిన్ పుచ్చకాయ తినడం కాదు, మర ఆడించినట్టుంటుంది. సెకనుకు ఇరవై అటూఇటుగా ఉంటే చెయ్యి తడబడటానికీ, ఆలోచించడానికీ మధ్య ఉన్న ఆ చిన్న ఆగుడు కనిపిస్తుంది. భోజనపు హాస్యానికి ప్రాణం ఆ ఆగుడే. తరుముకోవడాలు వేగంగా ఆడినా నడుస్తాయి, చెంచా నోటిదాకా వెళ్ళడం మాత్రం వేగంగా ఆడితే చచ్చిపోతుంది.

మరి మనవాళ్ళు చూసినవన్నీ ఎందుకు అంత పరుగులు పెట్టాయి అంటే, 1932లో వాన్ బ్యూరెన్ సంస్థ చాప్లిన్ మ్యూచువల్ చిత్రాలకు సంగీతం, చప్పుళ్ళు కలిపి మళ్ళీ విడుదల చేసింది. శబ్దం ఉన్న ప్రింటు 24లోనే నడవాలి, వేరే దారి లేదు. తర్వాత టీవీలకూ, క్యాసెట్లకూ ఎక్కినవాటిలో ఆ కాపీలు చాలా ఉన్నాయి. దూరదర్శన్ రోజుల పిల్లలకు చాప్లిన్ అంటే గబగబా నడిచే మనిషి అన్న ముద్ర అలా పడింది. ఫిల్ము అంచున శబ్దాన్ని నమోదు చేసే గీతకు చోటు ఇవ్వడానికి మూగ ఫ్రేము ఎడమ అంచు కోసేయడం ఇంకో నష్టం. బల్ల చివర కూర్చున్న అతిథి సగం మొహంతో మిగులుతాడు. ఆ సగం మొహం ఎందుకు ముఖ్యమంటే, ప్రతి పొరపాటుకూ ఒక సాక్షి కావాలి, సాక్షులను దర్శకులు అంచుల్లోనే కూర్చోబెడతారు.

రంగు సంగతి కూడా ఉంది. పాత ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనపడదు, ఎర్రవస్తువు నల్లగా పడుతుంది. దాని మీద తీస్తే చెర్రీ పండు నల్లటి చుక్క, తెల్ల ప్లేటు మీద చక్కగా తెలుస్తుంది. 1920ల చివర్లో వ్యాపించిన పాంక్రొమాటిక్ ఫిల్ములో ఎరుపు బూడిదరంగుగా వస్తుంది. నాలుగుసార్లు కాపీ అయిన ప్రింటులో ఆ బూడిదరంగు పాకంలో కలిసిపోతుంది. చెర్రీ కనపడకపోతే గార్విన్ ఏం చేస్తోందో ఎవరికీ తెలియదు.

కాలేజీ వార్షికోత్సవాల్లో మూకాభినయంగా ఈ దృశ్యం వేయాలనుకునేవాళ్ళు అప్పుడప్పుడూ ఉంటారు. చెడిపోయే చోటు దాదాపు ఒకటే, నియమం చూపించకుండా తప్పు చూపిస్తారు. ముందు పక్కనున్న అతిథి ఒకరు తన చెర్రీని చెంచాతో చక్కగా ఎత్తి తినాలి. అది చూశాకే మన మనిషి చెంచా పట్టాలి. మన బేకరీల్లో దొరికే ఎర్ర చెర్రీలు చాలావరకు వాక్కాయలకు రంగు వేసి పాకం పట్టినవి. సగానికి కోసి ఉంటాయి, జిగురు ఎక్కువ, ప్లేటుకు అంటుకుని కదలవు. డబ్బాలో వచ్చే నిండు చెర్రీ కావాలి, లేదా గుండ్రటి నల్లద్రాక్ష. కోలద్రాక్ష వద్దు, వంకరగా దొర్లి నటుణ్ణి మోసం చేస్తుంది. స్టీలు కంచం అంచు ఎత్తుగా ఉండి పండును ఆపేస్తుంది, పింగాణీ ప్లేటు మంచిది. ఒక చెంచాడు పాకం పలచగా పూయాలి, మడుగు కట్టేంత పోస్తే పండు తేలి నిలిచిపోతుంది. టీ చెంచా వాడాలి, సూప్ చెంచా గుంట పెద్దది, పండు దానంతట అదే ఎక్కేస్తుంది. కిరీటం తల కొలతకు ఒక వేలు దూరేంత వదులుగా ఉండాలి, పిన్నులు పెట్టకూడదు. వెనక వరసలవాళ్ళకు పండు కనపడదు గనక నటి కళ్ళే దాన్ని చూపించాలి. తల కదలకుండా కళ్ళు మాత్రం ప్లేటు ఈ చివరనుంచి ఆ చివరకు పోవాలి. అన్నిటికన్నా కష్టం చిరునవ్వు. మొదటి నిమిషంలోనే విసుగు చూపించేస్తే రెండో నిమిషానికి ఏమీ మిగలదు.

గార్విన్ తర్వాత మారియన్ బైరన్‌తో జతకట్టి కొన్ని రెండు రీళ్ళ చిత్రాలు చేసింది. 1928లో ‘ఫీడ్ ఎమ్ అండ్ వీప్’లో ఇద్దరూ సర్వర్లు. బల్లకు అటువైపు కూర్చున్న మనిషి ఇటువైపు వచ్చి నిలబడింది. ఆ జంట ఎక్కువకాలం సాగలేదు, శబ్దం వచ్చేసింది.

1940లో విడుదలైన ‘ఎ చంప్ ఎట్ ఆక్స్‌ఫర్డ్’లో లారెల్ హార్డీ ఇదే విందును మళ్ళీ వండారు. ముందు 42 నిమిషాల సినిమా. ఐరోపా మార్కెట్టు కోసం ముందుభాగంలో ఇరవై నిమిషాల విందు చేర్చి 63 నిమిషాలు చేశారు. హార్డీ బట్లరు, లారెల్ ఆగ్నెస్ అనే పనిమనిషి వేషం. ఇంటి యజమాని ఫిన్లేసన్, ఇల్లాలు మళ్ళీ గార్విన్. సలాడ్ ఘట్టం ఉంది, ఇప్పుడు టైటిల్ కార్డు అక్కర్లేదు, హార్డీ గొంతుతోనే చెప్పేస్తాడు. మాట పడిన వెంటనే తలుపు తెరుచుకుంటుంది, చదువుకుని ఊహించుకునే ఆ రెండు మూడు సెకన్లు పోయాయి. నవ్వు ఉంది గానీ కాస్త చిన్నది. రెండూ వరసగా వెయ్యదలిస్తే 1940ది ముందు, 1928ది తర్వాత వేయండి. తారుమారైతే రెండోది చప్పగా ఉంటుంది.